రెండో జవాబు దాకా ఆగని మనిషి

చచ్చినవాడి కళ్లు చారెడు అంటారు. మా చెవుల డాక్టరు సారు పోయిన రోజు నా ఫోను నిండా ఆ చారెడు కళ్లే. మా పాత క్లినిక్కు వాట్సాప్ గ్రూపులో దండం పెట్టే చేతుల బొమ్మలు, పూలదండల బొమ్మలు. ‘జిల్లా చెవులకు దేవుడు’ అని ఒకరు, ‘పేదల పాలిటి పెన్నిధి’ అని ఇంకొకరు. టిఫిన్ చేస్తూ చూశాను. ఇడ్లీ ముక్క నోట్లోనే ఉండిపోయింది. దుఃఖంతో కాదు, రోతతో. కంచం పక్కకు జరిపి పోయి చేతులు కడుక్కున్నాను.

మధ్యాహ్నం మల్లికార్జున ఫోన్ చేశాడు. సారు దగ్గర పరిశోధన పనులు చూసుకునేవాడు అతను. సారు నోటి నుంచి ఏ మాట వచ్చినా రాసుకోవడానికి చొక్కా జేబులో పెన్ను పెట్టుకుని, ఆయన వెనకే నడిచేవాడు.

“మేడమ్, ఆదివారం సంతాపసభ పెడ్తాండాం. మీరు రావల్ల. సార్ కాడ అన్ని ఏండ్లు పనిచేసినారు. రెండు మంచి మాటలు చెప్తే చాలు.”

“రెండు దొరకవేమో మల్లీ,” అన్నాను.

“ఒకటన్నా చెప్పండి మేడమ్,” అని నవ్వాడు. నేను హాస్యమాడుతున్నాననుకున్నాడు.

అప్పట్నుంచీ ఆ ఒక్క మంచి మాట కోసమే వెతుకుతున్నాను. వెతికే కొద్దీ నాకు కనపడేది ఆయన కారు తాళంచెవి.

పొద్దున గదిలోకి వచ్చి కుర్చీలో కూర్చోగానే ఆ తాళంచెవి కొనను కుడి చెవిలో పెట్టేవాడు. ఒక కన్ను మూసి, మెల్లగా, ఎంతో శ్రద్ధగా తిప్పేవాడు. తర్వాత బయటికి తీసి, వెలుతురుకు పట్టి చూసుకుని, వచ్చినదాన్ని పక్కనున్న కిటికీ తెరకు తుడిచేవాడు. తెర లేత నీలం రంగుది. ఆయన చెయ్యి అందే మేర మాత్రం అది ఏనాడో నీలం కావడం మానేసింది. ఆయా ఆ తెర ఉతకడానికి రెండు వేళ్లతో పట్టుకుపోయేది. ఇంత జరిగాక, ఎదురుగా కూర్చున్న పేషెంటుకు అదే నోటితో చెప్పేవాడు: “చెవిలో పుల్లలు, పిన్నీసులు పెడ్తే పాడైపోతాది తల్లీ. దేవుడిచ్చిన చెవిని దేవుని మాదిరి చూసుకోవల్ల.” చెప్పేవన్నీ శ్రీరంగనీతులే. చెప్పి, ఆ చెయ్యే తీసుకుపోయి ఆ తల్లి నెత్తిన పెట్టేవాడు. ఆమె కళ్లు మూసుకుని దండం పెట్టేది. నేను తలుపు దగ్గర నిలబడి కిటికీ తెర వైపు చూసేదాన్ని.

నేను వినికిడి పరీక్షలు చేసే మనిషిని. పుట్టింది ధర్మవరంలో. మా నాయన మగ్గాన్ని వదిలి మరమగ్గాల షెడ్డులో చేరి, ఆ రొదలో చెవులు పోగొట్టుకున్నాడు. ఇంట్లో ఏం చెప్పినా అరిచి చెప్పాలి. అందుకే ఈ చదువు చదివానని ఇంటర్వ్యూలో చెబితే, సారు లేచి వచ్చి నా భుజం తట్టాడు. “నువ్వు మన మనిషివి. ఈడనే ఉండిపో,” అన్నాడు. ఆ మాటకు నేను కరిగిపోయాను. అట్లా కరిగించే విద్య ఆయనకు వెన్నతో పెట్టినది.

అసలు విద్య లేదని నేను అనను. అబద్ధమాడి ఎక్కడికి పోతాను. ఇద్దరి భుజాల మీద చేతులు వేసుకుని, కళ్లు తెరవలేక, దారంతా కక్కుకుంటూ వచ్చినవాళ్లను బల్లమీద పడుకోబెట్టి, తల ఒక పక్కకు వంచి, వాళ్ల కంటిపాపల అదురు చూసేవాడు. “చెవి లోపల చిన్న రాయి గూడు దాటిందిలే, మళ్లా గూట్లోకి తోలుదాం,” అని తలను ఇటు తిప్పి అటు తిప్పి లేపి కూర్చోబెడితే, వచ్చినవాళ్లు తమ కాళ్ల మీద తాము నడిచి పోయేవాళ్లు. నేను కళ్లారా చూశాను. చేత కానివాడు మోసం చేస్తే కోపం వస్తుంది. ఇంత చేతనైనవాడు చేస్తే రోత పుడుతుంది. ఆ రోత ఇన్నేళ్లయినా నన్ను వదల్లేదు.

ఆయనకు ఒక జోకు ఉండేది. బెంగుళూరు నుంచో ఇంకెక్కడినుంచో పెద్ద డాక్టర్లు వస్తే, టీ తాగుతూ తప్పకుండా చెప్పేవాడు. “మా జిల్లాలో చెవులు పోయినా పెద్ద నష్టం లేదండీ. వాన చప్పుడు ఎట్లాగూ వినేది లేదు గదా.” వాళ్లు టీ ఒలికేలా నవ్వేవాళ్లు. నవ్వు ఆగాక, తన ఊరు విడపనకల్లు పక్కన అనీ, అక్కడ చిన్నప్పుడు తాగునీళ్లకు ఎంత దూరం నడిచేవాడో చెప్పేవాడు. అప్పుడు వాళ్ల కళ్లలో గౌరవం వచ్చేది. కరువును ఒకసారి నవ్వుకు, ఒకసారి గౌరవానికి, రెండు విధాలా వాడుకున్న మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు.

ఇక ఆయన పలకరింపు సంగతి చెప్పాలి. అసలు చెప్పాల్సింది అదే.

పొద్దున బస్సులు దిగి వచ్చిన జనం వరండాలో కూర్చుని ఉండేవాళ్లు. శింగనమల వైపు నుంచి, మడకశిర నుంచి, ఎక్కడెక్కడినుంచో. సారు తన గది తలుపు తెరుచుకుని వరండాలోకి వచ్చేవాడు. వెనకాలే మల్లికార్జున. ఒక్కొక్కరి ముందు నిలబడి, నెత్తిన చెయ్యి పెట్టి, “ఏమ్మా, బాగుండావా?” అనేవాడు. “బాగుండా సామీ,” అనేది ఆమె. వెనక్కు తిరగకుండానే ఆయన, “తగ్గింది. రాయి,” అనేవాడు. మల్లికార్జున రాసేవాడు. మడకశిర వాళ్లయితే కన్నడంలో “చెన్నాగిద్దీరా?” అని అడిగేవాడు. “చెన్నాగిద్దీని సామీ,” అని వాళ్లూ అదే చెప్పేవాళ్లు. “తగ్గింది. రాయి.” అట్లా వరండా ఈ చివరి నుంచి ఆ చివరి దాకా, దేవుడి పల్లకీ తిరిగినట్టు తిరిగి, మళ్లీ గదిలోకి పోయి తాళంచెవి తీసేవాడు.

మా సీమలో పుట్టినవాళ్లకు ఇందులో ఏం జరిగిందో చెప్పనక్కర్లేదు. కాని బయటివాళ్లు కూడా చదువుతారు కాబట్టి చెబుతున్నాను. మాకు ‘బాగుండావా’ అనేది ప్రశ్న కాదు. బోరు ఎండిపోయినా, శనక్కాయ చేను కాయ పట్టకముందే, ఊడల దశలోనే మాడిపోయినా, ఇంట్లో బిడ్డ జ్వరంతో పడి ఉన్నా, ఎదురైన మనిషి అడిగితే ‘బాగుండా’ అనే అనాలి. పలకరించినవాడి మొహం మీద మన కష్టం విసిరేయకూడదని పెద్దలు నేర్పిన మర్యాద అది. అసలు జవాబు తర్వాత వస్తుంది. ఆ మనిషిని కూర్చోబెట్టి, చెంబెడు నీళ్లిచ్చి, ఏమీ అడగకుండా కాసేపు ఊరుకుంటే, కొంగుతో మూతి తుడుచుకుని, నేలచూపులు చూస్తూ, “ఏం బాగు లేన్నా,” అంటారు. కథ అక్కడ మొదలవుతుంది. మొదటి జవాబు అడిగినవాళ్ల కోసం, రెండో జవాబు తమ కోసం. మా సారు ఆ రెండో జవాబు దాకా ఎవరి ముందూ నిలబడలేదు.

ఆయన చేస్తున్నది తల తిప్పే జబ్బు మీద పరిశోధన. చెవి పొర గుండా లోపలికి ఒక సూదిమందు వేయడం, తల తిప్పడం తగ్గిందా లేదా చూడడం. మందు కొత్తది కాదు. మనిషిని తూలకుండా నిలబెట్టే భాగం చెవి లోపలే ఉంటుంది, ఈ మందు దాన్ని మొద్దుబార్చి తిప్పుడు ఆపుతుంది. కాస్త అటూ ఇటూ అయితే పక్కనే ఉన్న వినికిడిని కూడా పట్టుకుపోతుంది. అందుకే పరిశోధనకు ఒక నియమం ఉంది. ముందు ఒక చెవికి మాత్రమే వేయాలి. జబ్బు తగ్గకపోయినా, వినికిడి పడిపోయినా అక్కడితో ఆపాలి. రెండో చెవి జోలికి పోకూడదు. సారు కోరిక ఏమిటంటే, రెండు చెవులకూ జబ్బున్నవాళ్లకు రెండింటికీ వేయవచ్చని నిరూపించి, పెద్ద ఊళ్లో పెద్ద సభలో చదవడం.

“ఇంతవరకు ఎవరూ చేయల్యా తెలుసునా?” అన్నాడు నాతో.

“చేయకపోవడానికి కారణం ఉండాది సార్,” అన్నాను.

ఆయన నవ్వి నా భుజం తట్టాడు. అప్పటికే ఆ చెయ్యి తగిలితే నాకు ఒళ్లు జలదరించేది.

ఓబుళమ్మ ఆ రోజుల్లోనే వచ్చింది. శింగనమల చెరువు కింది ఊళ్లలో ఒకదానిలో, బడి పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండే మనిషి. మోచేతి దాకా కాలిన మచ్చ. సాంబారు దబర దగ్గర నిలబడి ఉండగా తల తిరిగి పడిందట. “దబరలో గంటె తిప్పినట్ల నన్నెవరో తిప్పుతాండారు మేడమూ,” అంది. ఎడమ చెవిలో హోరు, వినికిడి సగం. కుడి చెవిలో అప్పుడప్పుడు కొంచెం హోరు, కాని వినికిడి బాగా ఉంది. “ఈ చెవిలో పిలకాయల అరుపులు ఊరవతలికి గూడా ఇనపడతాయి,” అని కుడి చెవిని మురిపెంగా తట్టుకుంది. జబ్బు నయమైందని డాక్టరు చీటీ తెస్తేనే మళ్లీ పొయ్యి దగ్గరికి రానిస్తానని హెడ్మాస్టరు చెప్పాడట. ఆమెకు కావలసింది ఆ చీటీ, ఆ పొయ్యి.

పరీక్షకు చెవులకు పెట్టే హెడ్‌ఫోన్లను ఆమె ‘డబ్బాలు’ అనేది. చప్పుడు వినపడినప్పుడు చెయ్యి ఎత్తమని చెప్పాను. ఆమె చెయ్యి ఎత్తలేదు. ప్రతి చప్పుడుకూ “ఆఁ, వస్తాండా” అంది. ఎవరైనా పిలిస్తే పలకకుండా ఊరికే చెయ్యి ఎత్తడం మర్యాద కాదు కదా. పరీక్ష గది అద్దానికి ఇవతల కూర్చుని నేను నవ్వు ఆపుకోలేకపోయాను. ఎంత చిన్న చప్పుడుకైనా కుడి వైపు “వస్తాండా, వస్తాండా” అంటూనే ఉంది.

ఎడమ చెవికి సూదిమందు వేశారు. కొన్ని వారాల తర్వాత మళ్లీ డబ్బాలు పెట్టాను. ఎడమ వైపు ఎంత పెంచినా ఒక్క ‘వస్తాండా’ రాలేదు. తిప్పుడు పోయి దాని బదులు తూలు వచ్చింది. గోడ పట్టుకుని నడుస్తోంది. బయట వరండాలో సారు నెత్తిన చెయ్యి పెట్టాడు. “ఏమ్మా ఓబుళమ్మా, బాగుండావా?” “బాగుండా సామీ.” “తగ్గింది. రాయి. వచ్చే వారం కుడి చెవికి వేద్దాం.”

నేను ఆయన వెనకాలే గదిలోకి పోయాను. ఆయన అప్పటికే తాళంచెవి చెవిలో పెట్టాడు.

“సార్, ఆయమ్మకు ఎడమ చెవి పూర్తిగా పోయింది. నా పరీక్షలో ఉండాది. ఇంగ కుడి చెవికి వేయగూడదు.”

“నీ రూము పక్కన జనరేటరు మోగుతాంటాది. నీ పరీక్ష లెక్కలోకి తీసుకుంటే నన్ను చూసి నవ్వుతారు. పేషెంటు నోటి మాటే ప్రమాణం. ఆయమ్మ నోటితో ఆయమ్మే చెప్పింది గదా, బాగుండా అని.”

“అది జవాబు కాదు సార్. మర్యాద.”

ఆయన తాళంచెవి బయటికి తీసి నా వైపు చూశాడు. కోపం లేదు. ఎంతో ప్రేమగా చూశాడు.

“నాకు తెల్దనుకుంటివా? నేనేమన్నా ఢిల్లీలో పుట్టినానా? మా యమ్మ పానం పోయే రోజు పొద్దున గూడా నేను అడిగితే, బాగుండా నాయనా అనింది. మద్దేన్నానికి పోయింది.”

“తెలిసి మరి ఎట్ల రాపిస్తాండారు?”

“తెలుసు గాబట్టే ఆ మాట అడుగుతాండా. తల తిరిగేది ఎట్లుండాది అని అడుగు, పొద్దుగూకులూ ఏడుస్తారు. నోరు మంచిదైతే ఊరు మంచిది. బాగుండా బాగుండా అంటాంటే బాగే అయితాది.” అని, తాళంచెవి కొనను తెరకు తుడిచాడు.

ఢిల్లీ నుంచి వచ్చినవాడైతే, తెలియక చేశాడని క్షమించేదాన్ని. ఈయన తల్లి చివరి మర్యాదను గుర్తుపెట్టుకున్నాడు. గుర్తుపెట్టుకుని పనిముట్టు చేసుకున్నాడు. ఆ రోజు నేను కాలవలో ఉమ్మేసి ఇంటికి పోయాను. ఇప్పుడు రాస్తుంటే కూడా నోట్లో అదే రుచి.

ఓబుళమ్మను వరండా చివరికి పిలిచి చెప్పాను, రెండో సూదికి ఒప్పుకోవద్దని, ఒప్పుకుంటే ఉన్న చెవి కూడా పోతుందని. ఆమె అంతా విన్నది. అప్పటికింకా వినగలదు. కొంగు వేలికి చుట్టుకుంటూ, “అంత పెద్దాయన నెత్తిన చెయ్యి పెట్టినంక వద్దని యెట్ల అనేది మేడమూ? మళ్లా చీటీ ఇయ్యల్ల గదా,” అంది. చీటీ నేను ఇప్పించలేను. హెడ్మాస్టరుకు ఫోన్ చేశాను. డాక్టరు సంతకం కావాలమ్మా, మీ సంతకం చెల్లదు అన్నాడు ఆయన.

కుడి చెవికి మందు వేసేశారు. ఆ వారమే నేను పరిశోధనల మంచిచెడ్డలు చూసే కమిటీకి కాగితం పెట్టాను. అందులో ఉన్నది ఆయన స్నేహితులే అని నాకు తెలుసు. అయినా పెట్టాను. వాళ్లు వచ్చారు. విచారణ జరిగింది. కాఫీలయ్యాక ఓబుళమ్మను పిలిపించి కుర్చీ వేశారు. అప్పటికి కుడి చెవి మసకబారుతోంది, గట్టిగా అరిస్తే అందేది. కమిటీ పెద్దమనిషి ముందుకు వంగి, మంచి మనసుతోనే, గట్టిగా అరిచాడు: “ఏమ్మా, బాగుండావా?”

“బాగుండా సామీ,” అంది ఓబుళమ్మ.

విచారణ అయిపోయింది. సారు అందరికీ పకోడీలు తెప్పించాడు. నాకు కూడా ఒక ప్లేటు పంపాడు, కక్ష లేదని చూపించడానికి. ప్లేటు అట్లాగే ఆయా చేతికిచ్చాను.

తర్వాత కొన్ని రోజులకు ఓబుళమ్మ నా గదికి వచ్చింది. తనంతట తానే డబ్బాలు పెట్టుకుని కూర్చుంది. నేను చిన్న చప్పుడుతో మొదలుపెట్టాను. పెంచాను. ఇంకా పెంచాను. యంత్రం ఎంతవరకు అరవగలదో అంతా అరిచింది. అద్దం అవతల ఆమె బుద్ధిగా, ఒళ్లో చేతులు పెట్టుకుని, నా మొహం వైపే చూస్తూ కూర్చుంది. చాలాసేపయ్యాక అడిగింది:

“ఇంగ మొదలుపెట్టు మేడమూ.”

ఆ రోజే సంచి తీసుకుని బయటికి వచ్చేశాను. సొంతంగా చిన్న గది పెట్టుకున్నాను. సారు పరిశోధన పెద్ద సభలో చదివాడని, శాలువా కప్పారని, ఫోటో పేపర్లో చూశాను. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. ఓబుళమ్మ మర్యాదకు అన్న మాట విమానమెక్కి పోయి చప్పట్లు కొట్టించుకుని వచ్చింది. ఆమెకు చీటీ కూడా ఇచ్చాడు సారు, ‘నయమైనది’ అని. ఆ చీటీ తీసుకుపోయి ఆమె దబర దగ్గర నిలబడిందో లేదో నాకు అప్పుడు తెలియదు. నేను ఊరికి ఫోన్ చేస్తే ఎత్తేవాళ్లు లేరు. చెవులు లేని మనిషి ఫోన్ ఏం ఎత్తుతుంది.

ఆదివారం సంతాపసభకు పోయాను. ఎందుకు పోయావంటే చెప్పలేను. ఆయన నిజంగానే పోయాడని చూసుకుందామని కావచ్చు. కల్యాణమండపం నిండా జనం. వేదిక మీద నిలువెత్తు ఫ్లెక్సీ. అందులో సారు దీవిస్తున్నట్టు చెయ్యి ఎత్తి ఉన్నాడు. నేను ఆ చేతి వేళ్లే చూస్తూ కూర్చున్నాను. ఒకాయన మైకు పట్టుకుని, “పేషెంటు నోటి మాటే ప్రమాణం అనేవారు మన డాక్టరు గారు. ఈ రోజుల్లో పేదవాడి మాటకు అంత విలువ ఇచ్చేదెవరు?” అని కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ముందు వరసలో ఒకావిడ కళ్లు ఒత్తుకుంది.

అప్పుడు మల్లికార్జున, “సారు చేతి వైద్యం పొందిన ఒక తల్లి ఇప్పుడు మాట్లాడతాది,” అని చెప్పి, పక్కనుంచి ఒకామెను చెయ్యి పట్టుకుని వేదిక మీదికి తెచ్చాడు. ఓబుళమ్మ. జుట్టు నెరిసిపోయింది. కొత్తగా నడక నేర్చిన బిడ్డలా కాళ్లు ఎడంగా పెట్టి, ప్రతి అడుగుకూ నేలను అనుమానిస్తూ వచ్చింది. అతను ఆమెను మైకు ముందు నిలబెట్టాడు.

“ఓబుళమ్మా, సార్ గురించి నీ మనసులో ఏముండాదో చెప్పు.”

ఆమె అతని పెదవుల వైపు చూసింది. ఎదురుగా ఉన్న జనాన్ని చూసింది. ఇంతమంది పెద్దవాళ్లు. చేతులు జోడించింది.

“బాగుండా సామీ,” అంది.

మండపం చప్పట్లతో దద్దరిల్లింది. అదీ సారు చేతి మహిమ అని ఎవరో అన్నారు. ఆమెకు చప్పట్లు వినపడలేదు. చేతులు ఆడుతుండడం చూసి, మళ్లీ దండం పెట్టింది.

నేను లేచిపోయి, ఆమె వేదిక దిగగానే చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చాను. నీళ్ల క్యాన్ల దగ్గర నీడలో ఒక కుర్చీలో కూర్చోబెట్టాను. నన్ను గుర్తుపట్టి, రెండు చేతులతో తన చెవులకు డబ్బాలు పెట్టుకున్నట్టు చూపించి నవ్వింది. గ్లాసుతో నీళ్లిచ్చాను. పక్క కుర్చీలో కూర్చున్నాను. ఏమీ అడగలేదు, అడిగినా వినపడదు. ఊరికే కూర్చున్నాను.

నీళ్లు తాగింది. కొంగుతో మూతి తుడుచుకుంది. నేల వైపు చూసింది.

“ఏం బాగు లే మేడమూ,” అంది. తన గొంతు తనకు వినపడక, చాలా మెల్లగా అంది. “బడి కాడ రెండు పూటలు నిలబడితిని. నేల ఊగుతాది. ఇంగ రావద్దన్న్యారు. పిలకాయలు నోర్లు తెరుస్తారు, నాకేం తెలీదు.” గ్లాసు కింద పెట్టింది. “మొన్న వానొచ్చింది సూడు. మాది రేకుల ఇల్లు. రేకుల మీద చినుకు పడితే ఊరంతా లేస్తాది. నేను లోపల సేట్లో బియ్యం ఏరుకుంటాండా. ఊరందరూ బయట ఉండారంట. నాకు తెలీల్యా. వాకిట్లోకి వొచ్చి తడిసినాంకనే తెలిసింది. ఏడాదంతా ఆ సప్పుడు కోసమే గదా మేడమూ మనం సూసేది.”

టీ ఒలికేలా నవ్విన ఆ మొహాలన్నీ నాకు కనపడ్డాయి. ఆయన మీద ఇన్నేళ్లుగా ఉన్న అసహ్యం, ఆయన చచ్చిపోయినా, ఇసుమంత కూడా తగ్గలేదు. తగ్గాలని నేను కోరుకోవడం లేదు కూడా. ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. కాలిన మచ్చ ఇంకా గరుకుగానే ఉంది.

మల్లికార్జున హడావుడిగా బయటికి వచ్చాడు. “మేడమ్, మీ పేరు పిలుస్తాండారు. రెండు మాటలు చెప్పి వచ్చేయండి.” అని, ఓబుళమ్మ వైపు వంగి, “ఏం పెద్దమ్మా, బువ్వ తింటివా? లోపల పెడ్తాండారు పో,” అన్నాడు.

ఆమె తల ఎత్తి అతని పెదవులు చూసింది. చేతులు జోడించింది.

“బాగుండా సామీ.”

అతను ఇంకొంచెం దగ్గరికి వంగాడు. వినపడలేదనుకుని గట్టిగా, చేతిని నోటి దగ్గరికి తీసుకుపోయి చూపిస్తూ, “బువ్వ, పెద్దమ్మా, బువ్వ తింటివా?” అన్నాడు.

“బాగుండా సామీ. అందరం బాగుండాం.”

మల్లికార్జున నిలబడిపోయాడు. ఆమెను చూశాడు. నన్ను చూశాడు. నోటి దగ్గర పెట్టిన చెయ్యి మెల్లగా దించాడు. లోపల మైకులో ఎవరో మళ్లీ నా పేరు పిలుస్తున్నారు. నేను లేవలేదు. అతని చొక్కా జేబులో ఆ పెన్ను అట్లాగే ఉంది.

“ఏం సూస్తాండావ్ మల్లీ,” అన్నాను. “నీకు అలవాటైన పనే గదా. తగ్గింది. రాయి.”